స్కిప్ ఇంట్రో నొక్కేముందు ఒక్క నిమిషం: క్రైమ్ సిరీస్‌ల టైటిల్స్ మన మూడ్‌ని ఎలా సెట్ చేస్తాయి?

మీ ప్లాన్ ఏదైనా, ఫోన్ ఏదైనా, ఓటీటీలో అందరికీ సమానంగా దొరికే ఫీచర్ ఒకటుంది. ఎపిసోడ్ మొదలవగానే స్క్రీన్ మూలన కనిపించే ‘స్కిప్ ఇంట్రో’ బటన్. నెట్‌ఫ్లిక్స్ దీన్ని 2017లో తెచ్చింది. 2022లో ఆ కంపెనీ స్వయంగా చెప్పిన లెక్క ప్రకారం మామూలు రోజున ఈ బటన్‌ని 13.6 కోట్ల సార్లు నొక్కుతున్నారు. అలా ఒక్క రోజులో అందరికీ ఆదా అయ్యే టైమ్‌ని కలిపితే 195 ఏళ్లు!

కామెడీ షో అయితే నొక్కేయండి, పెద్ద నష్టమేమీ లేదు. కానీ క్రైమ్ సిరీస్ విషయంలో నాది వేరే మాట. ఆ ఒకటిన్నర నిమిషం కథకి బయట ఉండదు, కథలో భాగమే.

నేను ఫోన్లు, టీవీలు రివ్యూ చేస్తుంటాను. డిస్‌ప్లేలో నలుపు ఎంత నల్లగా ఉంది, స్పీకర్‌లో బేస్ ఎంత వస్తోంది అని చూడ్డానికి నాకు చిన్న చిన్న క్లిప్పులు కావాలి. క్రైమ్ సిరీస్‌ల టైటిల్స్ దీనికి భలే సరిపోతాయి. చీకటి ఎక్కువ, లోతైన సౌండ్స్ ఎక్కువ, షాట్లు చకచకా మారతాయి. ఒకే టైటిల్‌ని ఇరవై ముప్పై సార్లు చూసేసరికి పిక్సెల్స్ సంగతి పక్కకి పోయి, అసలు దాన్ని ఎందుకు అలా తీశారన్నది కనిపించడం మొదలైంది. ఈ ఆర్టికల్‌లో అదే స్టెప్ బై స్టెప్ చూద్దాం. కథల ముగింపులు ఎక్కడా చెప్పను, స్పాయిలర్ల భయం లేకుండా చదవొచ్చు.

అసలు టైటిల్ సీక్వెన్స్ పని ఏంటి?

పైకి కనిపించే పని పేర్లు వేయడం. నటులు, రచయిత, డైరెక్టర్, నిర్మాతలు. కానీ పేర్లు వేయడానికి నల్ల స్క్రీన్, తెల్ల అక్షరాలు చాలు కదా? మరి అంత ఖర్చు, అంత కష్టం ఎందుకు?

మనం ఎపిసోడ్ ఎలా మొదలుపెడతామో ఒకసారి గుర్తు చేసుకోండి. అంతకు ముందు నిమిషం వరకూ రీల్స్ స్క్రోల్ చేస్తుంటాం, లేదా వాట్సాప్‌లో ఎవరికో రిప్లై ఇస్తుంటాం. మనసు అక్కడే ఉంటుంది. అక్కడి నుంచి నేరుగా ఒక హత్య జరిగిన ఇంట్లోకి తీసుకెళ్తే మనం ఆ ఇంటిని చూస్తాం గానీ, ఆ భయం మనకి పట్టదు. టైటిల్ సీక్వెన్స్ ఈ రెండు ప్రపంచాల మధ్య గడప లాంటిది.

క్రైమ్ సిరీస్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. అన్నిటి ముడిసరుకూ ఒకటే. ఒక శవం, ఒక పోలీసు, కొందరు అనుమానితులు. మరి ఒక సిరీస్‌ని ఇంకోదాని నుంచి వేరు చేసేది ఏంటి? ఈ నేరానికి మూలం ఎక్కడుంది అన్న ప్రశ్నకి ఆ సిరీస్ ఇచ్చే జవాబు. ఒకదానిలో మూలం మనిషి. ఒకదానిలో ఊరు. ఇంకోదానిలో మొత్తం వ్యవస్థ. మంచి టైటిల్ సీక్వెన్స్ ఈ జవాబుని ముందే మన చెవిలో ఊదుతుంది. ఒక్క డైలాగ్ లేకుండా, దేన్ని గమనించాలో దేనికి భయపడాలో నేర్పుతుంది. గ్యాడ్జెట్ భాషలో చెప్పాలంటే అది ఆ సిరీస్‌కి యూజర్ మాన్యువల్.

ఈ ధోరణికి ఒక సినిమా పెద్ద మలుపు. 1995లో వచ్చిన డేవిడ్ ఫించర్ ‘సెవెన్’. దానికి టైటిల్స్ చేసింది కైల్ కూపర్. హంతకుడు తన నోట్‌బుక్‌లు తయారుచేసుకోవడం, అదిరిపోతున్నట్టుండే గీసిన అక్షరాలు, మధ్యలో తెగిపోయే షాట్లు. అతని ముఖం కనిపించదు, అతని పని మాత్రమే కనిపిస్తుంది. ఆ తర్వాత వచ్చిన చాలా క్రైమ్ టైటిల్స్‌లో దీని నీడ ఉంది. ఇక టీవీ సిరీస్‌లకి వద్దాం.

డెక్స్‌టర్: బ్రేక్‌ఫాస్ట్‌లో దాక్కున్న హత్య

2006లో షోటైమ్ చానెల్‌లో మొదలైన సిరీస్ ఇది. డెక్స్‌టర్ మయామీ పోలీసుల దగ్గర రక్తపు మరకలు విశ్లేషించే నిపుణుడు, రహస్యంగా సీరియల్ కిల్లర్. డిజిటల్ కిచెన్ అనే స్టూడియో చేసిన దీని టైటిల్స్‌కి 2007లో ఎమ్మీ అవార్డు వచ్చింది.

ఇందులో నేరం అంటూ ఏమీ జరగదు. ఒక మనిషి పొద్దున్నే లేచి రెడీ అవుతాడు, అంతే. చేతి మీద వాలిన దోమని కొడతాడు. గడ్డం గీసుకుంటుంటే చిన్న గాటు పడి రక్తం చుక్క సింక్‌లో పడుతుంది. ప్యాకెట్ కోసి మాంసం ముక్క పెనం మీద వేస్తాడు, గుడ్డు వేస్తాడు, కాఫీ గింజలు గ్రైండ్ చేస్తాడు, ఎర్రటి నారింజ కోసి పిండుతాడు. పళ్లు శుభ్రం చేసుకునే దారాన్ని వేళ్లకి బిగించి చుట్టుకుంటాడు, షూ లేసులు లాగి బిగిస్తాడు. టీషర్ట్ వేసుకునేటప్పుడు ఆ బట్ట ముఖానికి అతుక్కుంటుంది. ఒక్క క్షణం ఊపిరాడని మనిషిలా కనిపిస్తాడు.

ఇదంతా మనం రోజూ చేసే పనే. మరి ఒళ్లు ఎందుకు జలదరిస్తుంది? మూడు కారణాలు.

మొదటిది, కెమెరా దూరం. అన్నీ మ్యాక్రో షాట్లు. వస్తువుకి అంత దగ్గరగా వెళ్తే అది ఏంటో గుర్తుపట్టే లోపే దాని ఆకృతి మనల్ని తాకుతుంది. కత్తి, చర్మం, ఎరుపు. మాంసం ముక్క అని తెలిసేసరికి మెదడు అప్పటికే ఇంకేదో ఊహించేసి ఉంటుంది.

రెండోది, సౌండ్. కోత, చిట్లడం, నమలడం లాంటి చప్పుళ్లని మామూలుకంటే బాగా పెంచారు. చెవి పక్కనే జరుగుతున్నట్టు ఉంటుంది.

మూడోది, రోల్ఫ్ కెంట్ ఇచ్చిన మ్యూజిక్. ఇక్కడే అసలు తెలివి ఉంది. భయపెట్టే మ్యూజిక్ పెట్టుంటే ఇది మామూలు హారర్ అయ్యేది. ఆయన ఇచ్చింది కాస్త కొంటెగా, ఆడుతూ పాడుతూ సాగే ట్యూన్. బొమ్మ భయపెడుతుంటే పాట నవ్విస్తుంది. ఆ తేడాలోంచే ఈ సిరీస్ మూడ్ పుడుతుంది. హంతకుడితో పాటు మనం కూడా సరదాగా బయల్దేరుతాం. ఆ సరదా మనకి ఇబ్బందిగా ఉంటుంది. తర్వాత సిరీస్ మొత్తం మన మీద ఆడే ఆట కూడా ఇదే.

ట్రూ డిటెక్టివ్: మనిషి లోపల ఊరు

2014లో హెచ్‌బీఓలో వచ్చిన మొదటి సీజన్. మాథ్యూ మెకానహే, వుడీ హారెల్సన్ డిటెక్టివ్‌లు. టైటిల్స్ డైరెక్ట్ చేసింది పాట్రిక్ క్లెయిర్, స్టూడియో పేరు ఎలాస్టిక్. ఆ ఏడాది టైటిల్ డిజైన్ ఎమ్మీ దీనికే వచ్చింది.

ఇక్కడ మనుషుల ముఖాలు, శరీరాలు గీసిన హద్దుల్లా మాత్రమే ఉంటాయి. వాటి లోపల నిండి ఉండేది లూసియానా. పొగ గొట్టాలు, రిఫైనరీలు, హైవేలు, బురద నేలలు. ఒక తల సగం వరకే ఉండి మిగతాది ఫ్యాక్టరీగా మారిపోతుంది. ఈ బొమ్మల వెనక ఫొటోగ్రాఫర్ రిచర్డ్ మిస్రాక్ ప్రభావం ఉంది. లూసియానాలో మిసిసిపీ నది ఒడ్డున, బాటన్ రూజ్ నుంచి న్యూ ఆర్లీన్స్ వరకూ పెట్రోకెమికల్ ఫ్యాక్టరీలు వరసగా ఉంటాయి. ఆ ప్రాంతాన్ని ‘క్యాన్సర్ ఆలీ’ అని పిలుస్తారు. మిస్రాక్ ఆ ప్రాంతపు ఫొటోలతో ‘పెట్రోకెమికల్ అమెరికా’ అనే పుస్తకం తెచ్చారు.

ఈ లుక్‌కి మూలం డబుల్ ఎక్స్‌పోజర్. కెమెరా పిచ్చి ఉన్నవాళ్ల కోసం చిన్న వివరణ. ఫిల్మ్ రోజుల్లో ఒకే ఫ్రేమ్ మీద రెండు ఫొటోలు తీసేవాళ్లు. మొదటి ఫొటోలో వెలుగు బాగా పడిన చోట ఫిల్మ్ అప్పటికే నిండిపోతుంది. చీకటిగా ఉన్న చోట మాత్రమే రెండో ఫొటోకి స్థలం మిగులుతుంది. అందుకే తెల్లని ఆకాశం ముందు నల్లగా నిలబడ్డ మనిషిని తీసి, ఆ మీద ఊరిని తీస్తే, ఆ ఊరు సరిగ్గా మనిషి ఆకారంలోనే కనిపిస్తుంది. ట్రూ డిటెక్టివ్ వాళ్లు దీన్ని కంప్యూటర్‌లో కదిలే బొమ్మలుగా చేశారు.

ఇప్పుడు దీని అర్థం చూడండి. మనిషిలో ఎక్కడ వెలుగు లేదో, అక్కడ ఊరు వచ్చి కూర్చుంది. టెక్నిక్ పనిచేసే పద్ధతే కథ చెప్పాలనుకున్న మాట! హంతకుడు ఎవరు అని మాత్రమే అడుగుతూ ఈ సిరీస్ చూస్తే సగమే చూసినట్టు. ఈ నేల మనుషుల్ని ఏం చేసింది అన్నది మిగతా సగం. టైటిల్స్ ఆ సగాన్ని మొదటి నిమిషంలోనే అందిస్తాయి.

పాట ‘ఫార్ ఫ్రమ్ ఎనీ రోడ్’, పాడింది ది హ్యాండ్సమ్ ఫ్యామిలీ అనే భార్యాభర్తల జంట. 2003 నాటి పాట ఇది, సిరీస్ కోసం రాసింది కాదు. మగ గొంతు చాలా కిందిస్థాయిలో, తొందర లేకుండా సాగుతుంది. ఆ వేగమే మనకి సూచన: ఇక్కడ పరుగులుండవు, నెమ్మదిగా కూరుకుపోవడమే ఉంటుంది. తర్వాతి సీజన్లకి ఊరు మారింది, పాట కూడా మారింది. రెండో సీజన్ కాలిఫోర్నియాకి లెనార్డ్ కోహెన్ ‘నెవర్‌మైండ్’, 2024లో అలాస్కా మంచులో జరిగే ‘నైట్ కంట్రీ’కి బిల్లీ ఐలిష్ ‘బరీ ఎ ఫ్రెండ్’.

ది వైర్: ముఖాలు లేని టైటిల్స్

గ్యాడ్జెట్లంటే ఇష్టమున్నవాళ్లు తప్పకుండా చూడాల్సిన టైటిల్స్ ఇవి. 2002 నుంచి 2008 వరకూ ఐదు సీజన్లు నడిచిన ఈ సిరీస్, బాల్టిమోర్ నగరంలో డ్రగ్స్ వ్యాపారం, దాన్ని ఫోన్ ట్యాపింగ్‌తో పట్టుకోవాలని చూసే పోలీసుల కథ.

మామూలుగా టీవీ టైటిల్స్‌లో హీరో వెనక్కి తిరిగి చూస్తాడు, కింద పేరు పడుతుంది. ఇక్కడ అదేమీ లేదు. పేజర్లు, పబ్లిక్ ఫోన్ బటన్లు నొక్కే వేళ్లు, కంప్యూటర్ స్క్రీన్ మీద కదిలే సౌండ్ వేవ్స్, చేతులు మారే డబ్బు. అన్నీ దగ్గరగా, ముక్కలు ముక్కలుగా. ఏ చెయ్యి పోలీసుది, ఏ చెయ్యి దొంగది అని తేల్చుకునే లోపే షాట్ మారిపోతుంది. ఆ తేడా అంత సులభంగా తెలియదు అన్నదే ఈ సిరీస్ వాదన కూడా.

ఒక షాట్ మాత్రం మర్చిపోలేం. నిఘా కెమెరా మీదకి ఒక కుర్రాడు రాయి విసురుతాడు. కెమెరా కంటితోనే మనం అది చూస్తాం, అద్దం పగిలిపోతుంది. మనం ఎవరి వైపు నుంచి చూస్తున్నాం, మనల్ని ఎవరు చూడొద్దంటున్నారు అన్నది ఆ రెండు సెకన్లలో తేలిపోతుంది.

ఇక పాట. టామ్ వెయిట్స్ 1987లో చేసిన ‘వే డౌన్ ఇన్ ది హోల్’. ఐదు సీజన్లకీ అదే పాట, కానీ ప్రతిసారీ పాడేవాళ్లు వేరు. మొదటి సీజన్‌లో ది బ్లైండ్ బాయ్స్ ఆఫ్ అలబామా, రెండోదానిలో టామ్ వెయిట్సే, మూడోదానిలో ది నెవిల్ బ్రదర్స్, ఐదోదానిలో స్టీవ్ ఎర్ల్. నాలుగో సీజన్ కథ స్కూలు పిల్లల చుట్టూ తిరుగుతుంది. అందుకే దానికి బాల్టిమోర్ టీనేజర్ల చేతే పాడించారు.

పాట మారదు, గొంతు మారుతుంది. సిరీస్ చెప్పేది కూడా ఇదే. వీధి మీద కుర్రాళ్లు మారతారు, పోలీసు ఆఫీసర్లు మారతారు, ఆట మాత్రం అదే. ఐదు సీజన్ల టైటిల్స్‌ని వరసగా పెట్టుకుని చూడండి, ఎనిమిది నిమిషాలు కూడా పట్టదు. సిరీస్ సారాంశం అక్కడే ఉంటుంది. స్కిప్ కొట్టినవాళ్లకి ఈ మార్పు జరిగిందని కూడా తెలియదు.

మైండ్‌హంటర్: అన్‌బాక్సింగ్ వీడియోలా మొదలయ్యే భయం

2017లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. 1970ల చివర్లో ఎఫ్‌బీఐ ఏజెంట్లు జైళ్లకి వెళ్లి సీరియల్ కిల్లర్లతో మాట్లాడి, వాళ్ల మాటల్ని రికార్డ్ చేసి, వాళ్ల ఆలోచన అర్థం చేసుకోవాలని ప్రయత్నించే కథ. ‘సెవెన్’ తీసిన ఫించర్ దీని వెనక ఉన్నవాళ్లలో ఒకరు.

టైటిల్స్‌లో ఒక పాత టేప్ రికార్డర్‌ని సెటప్ చేస్తుంటారు. పెట్టె తెరవడం, రీల్ అమర్చడం, టేప్‌ని దారిలో పెట్టడం, మైక్ కేబుల్ గుచ్చడం, నాబ్ తిప్పడం. లైటింగ్ నీట్‌గా, ఫోకస్ పర్ఫెక్ట్‌గా. నిజం చెప్పాలంటే మనలాంటి వాళ్లకి ఇదో అందమైన ప్రొడక్ట్ వీడియో. ఆ మెషీన్‌ని చూస్తూ మురిసిపోతుంటాం.

అప్పుడు మధ్యలో ఏదో మెరుస్తుంది. శవం. చూశామా లేదా అనేలోపే మాయం. మళ్లీ రికార్డర్. కాసేపటికి మళ్లీ ఇంకోటి. వీడియోలో సెకనుకి 24 ఫ్రేములుంటే ఒక్కో ఫ్రేమ్ ఆయుష్షు సుమారు 42 మిల్లీసెకన్లు. అలాంటివి కొన్నే వస్తాయి. కళ్లు పట్టుకుంటాయి గానీ, మెదడు పూర్తిగా చదవలేదు.

దీనివల్ల మన మూడ్ ఏమవుతుంది? మొదటి మెరుపు తర్వాత మనం రికార్డర్‌ని ముందులా చూడలేం. ప్రతి శుభ్రమైన షాట్‌లోనూ ఇంకో మెరుపు కోసం ఎదురు చూస్తాం. సిరీస్‌లో ఎక్కువ భాగం ఇద్దరు ముగ్గురు మనుషులు టేబుల్ దగ్గర కూర్చుని మాట్లాడుకోవడమే. తుపాకులు, చేజింగులు చాలా తక్కువ. అయినా మనం బిగుసుకుని కూర్చుంటాం. ఎందుకంటే పద్ధతిగా కనిపించే పని వెనక ఏముందో టైటిల్స్ మనకి ముందే చూపించాయి.

18 సెకన్లు కూడా చాలు

మూడ్ రావడానికి పొడుగు ముఖ్యం కాదు. బ్రేకింగ్ బ్యాడ్ టైటిల్స్ 20 సెకన్లు కూడా ఉండవు. ఆకుపచ్చ పొగ, పీరియాడిక్ టేబుల్, అందులోంచి పైకి వచ్చే బ్రోమిన్ 35, బేరియం 56, డేవ్ పోర్టర్ ఇచ్చిన చిన్న గిటార్ ముక్క. ఇది కెమిస్ట్రీ టీచర్ కథ, ఇందులో ఏదో విషం ఉడుకుతోంది. ఇంతకంటే ఏం కావాలి?

అదే ప్రపంచంలో 2015లో మొదలైన బెటర్ కాల్ సాల్ ఇంకో దారి పట్టింది. దాని టైటిల్స్ కావాలనే పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్ క్వాలిటీలో ఉంటాయి. రంగులు కారిపోతాయి, మ్యూజిక్ మధ్యలో తెగిపోతుంది. సీజన్లు గడిచేకొద్దీ ఆ బొమ్మ ఇంకా పాడైపోతూ వస్తుంది. మీ స్క్రీన్ ఎంత ఖరీదైనదైనా ఆ కొన్ని సెకన్లు చెత్తగానే కనిపిస్తాయి, అలాగే కనిపించాలి కూడా. హీరో నెమ్మదిగా దిగజారుతున్నాడని చెప్పడానికి వీడియో క్వాలిటీనే వాడుకున్నారు.

సేక్రెడ్ గేమ్స్: మనకి తెలిసిన కథలతో

2018లో వచ్చిన సేక్రెడ్ గేమ్స్ నెట్‌ఫ్లిక్స్‌కి మన దేశంలో మొదటి ఒరిజినల్ సిరీస్. విక్రమ్ చంద్ర నవల ఆధారంగా తీసిన ముంబై క్రైమ్ కథ. టైటిల్స్‌ని డిజైనర్ అనిరుద్ధ్ మెహతా, ముంబై స్టూడియో ప్లెక్సస్ చేశారు, మ్యూజిక్ అలోకనంద దాస్‌గుప్తా. మండలాలు, పురాణాల గుర్తులు ఆధునిక గ్రాఫిక్స్‌గా మారి కనిపిస్తాయి. దీనితో పాటు ప్రతి ఎపిసోడ్‌కీ ఒక పేరు, ఒక ప్రత్యేకమైన చిహ్నం. అశ్వత్థామ, హాలాహల, ఆతాపి వాతాపి, రుద్ర, యయాతి.

ఇది మన తెలుగువాళ్లకి ఎలా పనిచేస్తుందో చూడండి. వాతాపి కథ చిన్నప్పుడు విన్నవాళ్లకి, ఆ పేరు పడగానే ఒక అనుమానం వస్తుంది: విందు భోజనంలా లోపలికి వెళ్లి కడుపులోంచి చంపేవాడు ఎవరో ఈ ఎపిసోడ్‌లో ఉన్నాడు. అశ్వత్థామ అనగానే చావు లేకపోవడం వరం కాదు, శాపం అని గుర్తొస్తుంది. ఎపిసోడ్ ఇంకా మొదలే కాలేదు, మన దగ్గరున్న జ్ఞాపకాన్నే వాడుకుని మూడ్ తయారైపోయింది. పరాయి దేశపు ప్రేక్షకుడికి అదో అందమైన గుర్తు మాత్రమే. మనకి అది క్లూ.

మీరే టెస్ట్ చేయండి: మూడు సార్లు చూసే పద్ధతి

మీకిష్టమైన ఏ క్రైమ్ సిరీస్ టైటిల్స్ అయినా తీసుకోండి.

1. మొదటిసారి మ్యూట్‌లో చూడండి. కెమెరా ఎంత దగ్గరగా ఉంది? ముఖాలు పూర్తిగా కనిపిస్తున్నాయా, ముక్కలుగానా? ఏ రంగు మళ్లీ మళ్లీ వస్తోంది? అక్షరాలు కదలకుండా ఉన్నాయా, వణుకుతున్నాయా?
2. రెండోసారి కళ్లు మూసుకుని వినండి. ట్యూన్ ఎటు తీసుకెళ్తోంది? పాట కాకుండా ఇంకేం చప్పుళ్లున్నాయి? చివర పూర్తవుతుందా, మధ్యలో తెగిపోతుందా?
3. మూడోసారి రెండూ కలిపి చూడండి. బొమ్మ చెప్పేది, పాట చెప్పేది ఒకటేనా? తేడా ఉంటే ఆ తేడానే పట్టుకోండి. డెక్స్‌టర్‌లో చూశాం కదా, మూడ్ దాక్కునేది అక్కడే.

చివర్లో ఒక్క వాక్యం రాయండి: ‘ఈ సిరీస్ ప్రకారం నేరానికి మూలం ఫలానా.’ మనిషా, ఊరా, వ్యవస్థా, మనసా? సీజన్ పూర్తయ్యాక ఆ వాక్యం మళ్లీ చదవండి. ఎంతవరకు సరిపోయిందో మీకే తెలుస్తుంది.

మీ ఫోన్, టీవీ మూడ్‌ని పాడుచేస్తున్నాయేమో చూసుకోండి

డిజైనర్లు ఎంత కష్టపడినా చివరికి మనం చూసేది మన సెట్టింగ్స్‌లోంచే.

కలర్ మోడ్: చాలా ఫోన్లు బాక్స్‌లోంచి తీయగానే వివిడ్ మోడ్‌లో ఉంటాయి. ట్రూ డిటెక్టివ్‌లోని వాడిపోయిన రంగులు అందులో ట్రావెల్ వ్లాగ్‌లా మెరుస్తాయి. నేచురల్ మోడ్‌కి మార్చండి. ఐ కంఫర్ట్, నైట్ లైట్ లాంటివి కాసేపు ఆపండి, లేకపోతే అన్నీ పసుపెక్కుతాయి.

నలుపు: అమోలెడ్‌లో నలుపు అంటే పిక్సెల్ ఆరిపోవడమే, కాబట్టి చీకటి నిజంగా చీకటిగా ఉంటుంది. ఎల్‌సీడీలో బూడిద రంగు తేలుతుంది. అయితే బ్రైట్‌నెస్ బాగా తగ్గిస్తే కొన్ని అమోలెడ్ ప్యానెళ్లలో నీడల్లోని వివరాలు మాయమవుతాయి. గది లైట్ తగ్గించి, స్క్రీన్ బ్రైట్‌నెస్ మధ్యస్థంగా పెట్టుకోవడం మంచిది.

స్ట్రీమింగ్ క్వాలిటీ: డేటా సేవర్‌లో చూస్తే పొగ, చీకటి ఆకాశం లాంటి చోట్ల మెట్లు మెట్లుగా చారలు పడతాయి. ఫోన్‌లో వైడ్‌వైన్ ఎల్1 సపోర్ట్ ఉందో లేదో కూడా చూసుకోండి. ఎల్3 మాత్రమే ఉంటే నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్స్‌లో హెచ్‌డీ రాదు.

మోషన్: టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపేయండి. అది ఫ్రేముల మధ్య లేని ఫ్రేముల్ని పుట్టిస్తుంది. మైండ్‌హంటర్‌లోని మెరుపు షాట్ల దగ్గర అలాంటి ప్రాసెసింగ్ తడబడుతుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అదే పెట్టండి. 120 హెర్ట్జ్ స్క్రీన్ మీద 24 ఫ్రేముల వీడియో సమానంగా పంచుకుంటుంది, ఒక్కో ఫ్రేమ్‌కి 5 రిఫ్రెష్‌లు. 60 హెర్ట్జ్‌లో ఒకటి 2, ఇంకోటి 3 చొప్పున పడి కాస్త కుదుపు వస్తుంది.

సౌండ్: ఫోన్ స్పీకర్ ఎంత గట్టిగా మోగినా లోతైన బేస్ ఇవ్వలేదు, అంత చిన్న డబ్బాకి అది సాధ్యం కాదు. ది హ్యాండ్సమ్ ఫ్యామిలీ మగ గొంతులోని బరువంతా అక్కడే ఉంటుంది. మామూలు వైర్డ్ ఇయర్‌ఫోన్స్ పెట్టినా తేడా మీకే తెలుస్తుంది.

షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లకి

మీలో చాలామంది ఫోన్‌తోనే షార్ట్ ఫిల్మ్‌లు, యూట్యూబ్ సిరీస్‌లు తీస్తున్నారు. క్రైమ్ కథ అనగానే డ్రోన్ షాట్ అద్దెకి తెచ్చి, దాని మీద పెద్ద మెటల్ అక్షరాలు వేస్తారు. దానికి బదులు ఇది ప్రయత్నించండి. మీ కథలో నేరానికి మూలం ఏంటో ఒక్క మాటలో రాసుకోండి. అప్పు అనుకుందాం. అప్పు అనే మాట వాడకుండా, ముఖం చూపించకుండా, ఇంట్లో దొరికే వస్తువులతో పది షాట్లు తీయండి. వేలిముద్ర ఇంకు, తాకట్టు చీటీ, ఖాళీ అయిన నగల డబ్బా, పదే పదే వెలిగే మిస్డ్ కాల్ నోటిఫికేషన్. 2 మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరా జోలికి మాత్రం పోకండి. మెయిన్ కెమెరాలో 2ఎక్స్ వాడండి, లేదా ఆటోఫోకస్ ఉన్న అల్ట్రావైడ్. మ్యూజిక్ కోసం ఒకే చప్పుడు ఎంచుకోండి, అది 30 సెకన్లూ కొద్దికొద్దిగా పెరగాలి. ఖర్చు సున్నా.

నా వెర్డిక్ట్: ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు వద్దు?

అన్నిసార్లూ చూడాల్సిందే అని నేను చెప్పను. ఒకే రాత్రి వరసగా నాలుగు ఎపిసోడ్లు చూస్తుంటే మూడోదానికి మీరు అప్పటికే ఆ లోకంలో ఉంటారు, గడప మళ్లీ దాటక్కర్లేదు. నొక్కేయండి. టైటిల్స్ బలహీనంగా ఉన్న సిరీస్‌లూ బోలెడు ఉన్నాయి, వాటికి మొహమాటం అవసరం లేదు.

కానీ మూడు సందర్భాల్లో బటన్‌ని వదిలేయండి. సిరీస్ మొదటి ఎపిసోడ్, ప్రతి సీజన్ మొదటి ఎపిసోడ్, మధ్యలో కొన్ని రోజులు గ్యాప్ వచ్చి మళ్లీ మొదలుపెట్టినప్పుడు. పది ఎపిసోడ్ల సీజన్‌కి ఈ లెక్కన మీకు అయ్యే ఖర్చు ఐదు నిమిషాల లోపే. మనం ఒక ఫోన్ వాల్‌పేపర్ ఎంచుకోవడానికి అంతకంటే ఎక్కువ టైమ్ పెడతాం.

ఇంకో సంగతి కూడా ఉంది. చూసేవాళ్లు లేరని తెలిస్తే చేసేవాళ్లు తగ్గుతారు. ఇప్పటికే చాలా కొత్త సిరీస్‌లు ఒక లోగో, ఒక ‘ఢమ్’ శబ్దంతో సరిపెట్టేస్తున్నాయి. బ్రేకింగ్ బ్యాడ్‌లా ఆలోచించి కుదించడం వేరు, ఎలాగూ స్కిప్ కొడతారులే అని వదిలేయడం వేరు.

ఈ రాత్రి కొత్త క్రైమ్ సిరీస్ ఏదైనా మొదలుపెడుతుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, వివిడ్ మోడ్ తీసేయండి, మొదటి ఎపిసోడ్ టైటిల్స్ పూర్తిగా చూసి ఆ ఒక్క వాక్యం నోట్స్ యాప్‌లో రాసుకోండి. ఆ తర్వాత బటన్ మీ ఇష్టం.